స్తంభాల మీద తేదీ

మా అబ్బాయి ల్యుబిషా రెండు కాగితాలు తెచ్చి పెరట్లో బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఊళ్ళో కరెంటు స్తంభాలకి కొట్టే నల్ల అంచు కాగితం. దాని మీద నా భార్య దెసాంకా ఫొటో, కింద ఆమె ఆర్నెల్ల దినం ఎప్పుడో ఉంది. రెండోది యూనివర్సిటీ నుంచి వచ్చింది. దాని మీద వాడి పెళ్ళాం వేరిత్స పేరు, పరీక్ష ఎప్పుడో ఉంది.

రెండింటి మీదా అక్టోబరు పదకొండు, శనివారం. రెండింటి మీదా పదకొండు గంటలకే.

"నువ్వే చదువు," అన్నాడు ల్యుబిషా పెళ్ళాంతో. "స్పానిష్ కాదులే. మన భాషే."

వేరిత్స ఇటు తిరగలేదు. ఇనుప పొయ్యి మీద ఐవార్ పచ్చడి ఉడుకుతోంది. ఆ రోజు గురువారం, ఆమెకి సెలవు. పొద్దుటినుంచి మూడు బస్తాల కారం లేని ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క ఒలిచి, రుబ్బి గుండిగలో పోశాం. ఇక నాలుగు గంటలు కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది, శీతాకాలమంతా మాడు వాసన తినాలి. అందుకని ఐవార్ రోజున మా ఇళ్ళల్లో ఎవరైనా దెబ్బలాడుకోవాలంటే గరిటె వదలకుండానే దెబ్బలాడుకోవాలి.

"చదివాను," అంది వేరిత్స.

"ఎప్పుడు?"

"నిన్న. బస్సు దిగగానే. స్తంభం మీద."

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

ఆమె గరిటె ఒక చుట్టు తిప్పి నావైపు చూసింది. నేను పీట మీద కూర్చుని సీసాలు తుడుస్తున్నాను. తలవంచుకుని ఇంకో సీసా అందుకున్నాను.

ల్యుబిషా గొంతు పెంచే మనిషి కాదు. రంపపు మిల్లులో రోజంతా చప్పుడు మధ్య ఉంటాడు కాబట్టి ఇంట్లో మెల్లగానే మాట్లాడతాడు. ఆ మెల్లని గొంతుతోనే చాలా అన్నాడు. పరీక్షలు ఏడాది పొడుగునా ఉంటాయి, అమ్మ ఆర్నెల్ల దినం ఒక్కసారే ఉంటుంది అన్నాడు. ఊరంతా సమాధి దగ్గర నిలబడితే కోడలు ఎక్కడని అడగరా అన్నాడు. కావాలనే ఆ రోజు పెట్టించుకున్నావు, సమాధి దగ్గర నిలబడే ఓపిక లేక అన్నాడు. ఆ చివరి మాట దగ్గర వేరిత్స గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది.

"ఆ రోజు నేను పెట్టలేదు," అంది. "నాలాంటి వాళ్ళు ఎనభై మంది ఉన్నారు. అందరికీ ఒకటే రోజు."

"అయితే ఇంకోసారి రాయి."

"ఇంకోసారి లేదు ల్యుబిషా. నీకు తెలుసు."

వాడికి తెలుసు. అందరికీ తెలుసు. ఆమె మొదటి చదువు బట్టల మిల్లు ఇంజనీరు చదువు. మిల్లు మూసేశాక ఆ పట్టా అల్మారాలోకి పోయింది, ఆమె కోల్డ్ స్టోరేజీలోకి పోయింది. పదిహేనేళ్ళుగా ఆ చలిగదిలో గడ్డకట్టిన రాస్ప్‌బెర్రీలు ఏరుతోంది. ఇప్పుడు వేలికి సూది గుచ్చుకున్నా ఆమెకి తెలియదు. నలభయ్యో ఏట మళ్ళీ యూనివర్సిటీలో చేరింది. స్పానిష్ ముఖ్యం, ఇటాలియన్ దానికి తోడు. ఆరేళ్ళు గడువు. అన్నీ అయిపోయాయి, ముగ్గురి ముందు కూర్చుని స్పానిష్‌లో మాట్లాడే పరీక్ష ఒక్కటి మిగిలింది. ఏప్రిల్లో దెసాంకా ఆస్పత్రిలో ఉందని వెళ్ళలేదు. జూన్లో వెళ్ళింది గానీ నోరు పెగలక తిరిగొచ్చింది. ఈ అక్టోబరుతో గడువు తీరిపోతుంది. ఇదీ దాటితే పేరు కొట్టేస్తారు, ఆరేళ్ళూ లేనట్టే.

దినం సంగతీ అలాంటిదే. ఆర్నెల్లు నిండేలోపు శనివారం నాడు చెయ్యాలి, దాటకూడదు. దెసాంకా పోయింది ఏప్రిల్ పదిహేనున. అంటే పదకొండు. లేదా అంతకు ముందు శనివారం నాలుగు. నాలుగు అంటే ఎల్లుండే.

"నాలుగుకి మారిస్తే?" అంది వేరిత్స. వాడిని కాదు, గుండిగని అడిగినట్టు.

"ఇరవై రెండు స్తంభాల మీద కాగితాలు ఉన్నాయి," అన్నాడు ల్యుబిషా. "చచ్చిపోయిన మనిషి కాగితం పీకుతామా?"

మా ఊళ్ళో ఎవరూ పీకరు. గాలి పీకాలి, లేకపోతే వాన పీకాలి. అప్పటిదాకా ఆ మనిషి స్తంభం మీద ఉంటుంది.

వేరిత్స మళ్ళీ నావైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

మూడు వారాల కిందట ఈ పెరట్లోనే, ఈ పీట మీదే ఉన్నాను. నేను చర్చి ఫాదరు దగ్గరికి దినం రోజు అడగడానికి వెళ్తున్నానని తెలిసి ఆమె వచ్చి నిలబడింది. "మావయ్యా, పదకొండు మాత్రం వద్దు. పరీక్ష ఆ రోజే. నాలుగు అడగండి," అంది. నేను ఊఁ అన్నాను. మా అక్క స్తమెనా నాతో పాటు వచ్చింది. ఫాదరు క్యాలెండర్ తీయగానే, పదకొండు, ఆర్నెల్లకి అదే దగ్గర అంది. ఫాదరు రాసుకున్నాడు. నా మొహం చూశాడు. నేను టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాను. అక్కడి నుంచి ప్రింటింగ్ షాపుకి వెళ్ళాం. అక్కడా అక్కే చెప్పింది, నేను తల ఊపాను. మొన్న ఆ కాగితాలు వచ్చాయి. నిన్న నేనే మేకులు కొట్టాను.

పరీక్షే మారుతుందేమో అనుకున్నాను. అనుకోవడం తేలిక. నోరు తెరవక్కర్లేదు.

ఇప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు చెప్పిందిరా అంటే చాలు. సీసా మూత బిగించాను.

సరిగ్గా అప్పుడే స్తమెనా అక్క గేటు తోసుకుని వచ్చింది. దినానికి వండే తీపి గోధుమలో వేయడానికి వాల్‌నట్లు సంచిలో తెచ్చింది. ఎనభై రెండేళ్ళు. చెవులు మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లవి. గేటు బయటే అంతా విన్నదని మొహం చూడగానే తెలిసింది.

"కళ్ళజోడు సర్దుకునే వయసులో బడి సంచి తగిలించుకుంది," అంది నాతో, వేరిత్స అక్కడ లేనట్టు. "స్పానిష్ ఎవరితో మాట్లాడుతుందిరా మన ఊళ్ళో? కోళ్ళతోనా?"

"కోళ్ళు ఎదురు మాట్లాడవు పెద్దత్తయ్యా," అంది వేరిత్స. "అది మంచిదేగా."

"దెసాంకా ఉంటే ఈ మాటలు అననిచ్చేదా?"

"దెసాంకా అత్తయ్యే నన్ను చేర్పించింది."

అక్క నవ్వింది. అది నిజమని ఆ నవ్వులోనే ఉంది.

వేరిత్స మా ఇంటికి వచ్చిన కొత్తలో టీవీలో దక్షిణ అమెరికా సీరియళ్ళు వచ్చేవి. ఆ టైముకి ఊళ్ళో ఆవులు కూడా ఆలస్యంగా పాలిచ్చేవి. మాటలు స్పానిష్‌లో, కింద మన అక్షరాలు. దెసాంకా నాలాగే మూడో తరగతితో మానేసిన మనిషి. మొదటి ముక్క కూడబలుక్కునేలోపు అక్షరాలు మారిపోయేవి. అందుకని కోడలు పక్కన కూర్చుని చదివి పెట్టేది. నేను తలుపు దగ్గర చెప్పులు కుట్టుకుంటున్నట్టు కూర్చుని వినేవాణ్ణి. రెండేళ్ళు అయ్యాక ఒక రోజు చూస్తే వేరిత్స కళ్ళు మూసుకుని ఉంది, అయినా చెబుతోంది. దెసాంకా టీవీ కట్టేసి ఆమె మొహంలోకి చూసింది. "నువ్వు చదవట్లేదు కదూ? నీకు వస్తోంది," అంది. ఆ రోజు మొదలు, పదేళ్ళపాటు వెంటపడి, చివరికి యూనివర్సిటీలో చేర్చేదాకా వదల్లేదు. ఆస్పత్రిలో మాట పడిపోయే ముందు కూడా పరీక్ష ఎప్పుడని అడిగింది.

ఆ దెసాంకా పేరు చెప్పి ఇప్పుడు ముగ్గురం కలిసి ఆ పిల్ల చదువు ఆపుతున్నాం. ఇద్దరు మాటలతో. ఒకడు మాట్లాడకుండా.

అక్క వాల్‌నట్ల సంచి బల్ల మీద, రెండు కాగితాల మీదే పెట్టింది. వంటకి ఎంతమంది కావాలో చెప్పడం మొదలుపెట్టింది. సూపు తను చూసుకుంటుందట, మాంసం ల్యుబిషా తేవాలట, గోధుమ ఉడకబెట్టడం కోడలి పని, అది కోడలే చెయ్యాలి. ల్యుబిషా తల ఊపుతున్నాడు.

"సరే," అంది వేరిత్స.

ఎవరికీ అర్థం కాలేదు. ఏం సరే అని ల్యుబిషా అడిగాడు.

"వెళ్ళను. గోధుమ నేనే ఉడకబెడతాను."

ఏడవలేదు. గొంతు కూడా మారలేదు. గరిటె ఎత్తి గుండిగ అడుగు గీసి చూసింది. ఐవార్ ఆ గీతలోకి జారకుండా నిలబడింది. "అయిపోయింది. సీసాలు ఇటు పెట్టండి మావయ్యా," అంది. ఇరవై ఏడు సీసాలు నింపింది. ఒక్కో సీసా అందిస్తుంటే ఆమె నా మొహం చూడనే లేదు. అంతకుముందు చూసినప్పుడే నయం అనిపించింది.

సీసాలు కొట్టంలోకి మోశాక తన పుస్తకాలు కూడా తెచ్చింది. పాత దుప్పటిలో చుట్టి సీసాల వెనక పెట్టింది. ల్యుబిషా అక్కడే నిలబడి, అంత అవసరం లేదు అన్నాడు. ఆమె వినలేదు. వాడు చేతులు కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. అనుకున్నది అయిందని సంతోషపడటం వాడికి చేతకాలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆమె షిఫ్టుకి, వాడు మిల్లుకి వెళ్ళారు. నేను పిండి పీపా పక్క డబ్బాలోంచి గోధుమ తీసి, రెండు కిలోలు కొలిచి, కడిగి, బేసిన్లో నానబెట్టాను. ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. నీళ్ళు ఎన్ని పొయ్యాలో తెలియక అంచుదాకా పోశాను. వడ్రంగి పెన్సిల్ జేబులో పెట్టుకుని ఫాదరు ఇంటికి నడిచాను.

ఫాదరు వరండాలో చెప్పులు తుడుచుకుంటున్నాడు. దినం రేపు చెయ్యాలని చెప్పాను. లోపలికి పిలిచి గ్లాసుల్లో రాకియా సారా పోశాడు. ఇద్దరం దెసాంకా కోసం ఒక్కో చుక్క నేలమీద వంచి, గ్లాసులు తగిలించకుండా తాగాం.

"రేపు పన్నెండింటికి పెళ్ళి ఉంది. తొమ్మిదింటికైతే వస్తాను," అన్నాడు. "కానీ జనానికి ఎవరు చెప్తారు రాదిసావ్?"

"నేనే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వా? మీ పెళ్ళి చేసిన ఫాదరు మా నాన్నే. ప్రమాణం నీ నోటినుంచి రప్పించడానికి మూడుసార్లు అడిగానని పోయేదాకా చెప్పుకునేవాడు."

"నేనే," అన్నాను మళ్ళీ.

మా ఊళ్ళో కరెంటు స్తంభాలు పాతింది నేనే. ఇరవై రెండేళ్ళ వయసులో, గునపంతో గొయ్యి తవ్వి, నలుగురం తాళ్ళు లాగి నిలబెట్టాం. ఏ స్తంభం కింద రాయి తగిలిందో, దేని కింద నీళ్ళు ఊరాయో నాకు తెలుసు. ఏ స్తంభం ఎదురింట్లో ఎవరున్నారో కూడా తెలుసు. వాళ్ళతో పది మాటలు మాట్లాడింది మాత్రం లేదు.

కాగితం పీకలేదు. దెసాంకా అక్కడే ఉంది. పదకొండో తేదీ కొట్టేసి నాలుగు వేశాను. పదకొండు గంటలు కొట్టేసి తొమ్మిది వేశాను. ఒక్కో స్తంభం తర్వాత ఎదురింటి గేటు తట్టాను.

మొదటి ఇంట్లో చాలాసేపు పట్టింది. ఆమె ఎవరైనా పోయారా అని గుండె పట్టుకుంది. నేను రేపు అన్నాను, దినం అన్నాను, ఆపైన మాట అందలేదు. ఆమె నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఎందుకు మార్చారు అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు నేను వెంట తెచ్చుకోలేదు. నాలుగో ఇంటికి వచ్చేసరికి దొరికింది. తప్పు నాది, రోజు నేనే తప్పు పెట్టించాను, రేపు తొమ్మిదింటికి రండి. తొమ్మిదో ఇంటికి ఆ మాటలు నలిగి మెత్తబడ్డాయి. అయినా ఒక్కో గేటు దగ్గర నోరు ఎండిపోయేది. ఇంత చిన్న పని ఆ రోజు ఫాదరు ముందు చెయ్యలేకపోయానే అని నా మీద నాకే ఒళ్ళు మండింది.

పద్నాలుగో స్తంభం రంపపు మిల్లు ముందు ఉంది. పెన్సిల్‌తో గీస్తుండగా వెనకనుంచి ల్యుబిషా వచ్చాడు. తలంతా రంపపు పొట్టు.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

చెప్పాను. వేరిత్స పెరట్లో అడిగింది, నేను ఊఁ అన్నది, ఫాదరు దగ్గర నోరు మూసుకున్నది, నిన్న సీసాలు తుడుస్తూ కూర్చున్నది, అన్నీ. వాడు విన్నంతసేపు స్తంభాన్నే చూశాడు.

"నిన్న నేను దాన్ని అన్న మాటలు నువ్వు విన్నావు," అన్నాడు.

"విన్నాను."

"విని ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

తిడితే బాగుండేది. వాడు లోపలికి వెళ్ళాడు. కాసేపటికి రంపం మళ్ళీ మొదలైంది. అన్ని రోజుల కంటే ఆ చప్పుడు పెద్దగా ఉన్నట్టు అనిపించింది.

ఆఖరి స్తంభం బస్సు స్టాపు దగ్గర, మా అక్క గేటు ఎదురుగా ఉంది. నేను అక్కడికి వచ్చేసరికి రెండున్నర దాటింది. అక్క అప్పటికే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఊళ్ళో ఇరవై ఒక్క గేట్ల దగ్గర మాట్లాడాక వార్త నాకంటే ముందే నడిచి ఉంటుంది.

"దీని మీద చెయ్యి పెట్టకు," అంది. "ఆర్నెల్లు నిండకుండా పది రోజుల ముందు చేస్తావా? పరీక్ష కోసమా? చచ్చినదానికి ఆ మాత్రం మర్యాద లేదా?"

"ముందు చెయ్యొచ్చు అక్కా. ఫాదరు సరేనన్నాడు."

"వంట ఎవరు చేస్తారు ఒక్క రోజులో?"

"గోధుమ నానబెట్టాను."

"నువ్వా?" అంది. కోపంలో కూడా ఆశ్చర్యపోయింది.

అప్పుడే బస్సు వచ్చి ఆగింది. వేరిత్స దిగింది. చలిగదిలో వేసుకునే దూది కోటు చేతి మీద ఉంది. మా ఇద్దరినీ, నా చేతిలో పెన్సిల్‌నీ చూసింది. అక్క ఆమె మీదికి తిరిగింది. "నువ్వే చేయించావా ముసలాడితో ఈ పని?"

వేరిత్స నావైపు చూసింది. నిన్న పెరట్లో చూసినట్టే.

"కాదక్కా," అన్నాను. "పదకొండు వద్దని ఈ పిల్ల నాకు మూడు వారాల కిందటే చెప్పింది. నేనే నీ ముందు, ఫాదరు ముందు నోరెత్తలేదు. నిన్న నా కొడుకు దీన్ని మాటలంటుంటే కూడా ఎత్తలేదు. తప్పు నాది. ఇందులో దీని ప్రమేయం లేదు."

అక్క నోటికి మాట అందకపోవడం నా జన్మలో అదే మొదటిసారి. స్తంభం వదిలి గేటు వైపు నడిచింది. గొళ్ళెం మీద చెయ్యి వేసి, వెనక్కి తిరగకుండా, "నేను పదకొండునే సమాధి దగ్గరికి వెళ్తాను. రేపు నాకోసం చూడొద్దు," అని లోపలికి పోయింది.

నేను పెన్సిల్ ఎత్తి పదకొండు కొట్టేశాను. నాలుగు వేశాను. వేరిత్స పక్కకి వచ్చి నిలబడి ఆ అంకె చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె పెదవులు బిగుసుకుపోయాయి.

"నిన్న ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

పెన్సిల్ జేబులో పెట్టుకున్నాను.

"ఒక్క రోజు. నిన్న ఒక్క ముక్క అన్నా చాలు కదా." ఆమె కోటు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "పొద్దున టీ టైములో ఫోన్ చేసి పరీక్షకి నా పేరు తీయించేశాను. రాకుండా మానేస్తే తప్పినట్టు రాస్తారు. ఆరేళ్ళ తర్వాత తప్పినట్టు రాయించుకోవడం ఇష్టం లేక నేనే తీసేయమన్నాను."

"మళ్ళీ వేయించు."

"మూడింటికి ఆఫీసు మూసేస్తారు. సోమవారానికి జాబితా పైకి వెళ్ళిపోతుంది. పొద్దున తీసేయమని, మధ్యాహ్నం పెట్టమని ఏ మొహంతో అడగను? జూన్లో ముగ్గురి ముందు కూర్చుని నోరు పెగలని దాన్ని నేనే. ఆ ఆఫీసులో ఆమె నన్ను పొద్దున అడిగింది, ఆలోచించుకున్నారా అని. ఆలోచించుకున్నానని చెప్పాను."

బస్సు స్టాపు గడియారం చూశాను. మూడు కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయి.

"ఫోన్ ఇటివ్వు," అన్నాను.

"మీరేం చెప్తారు?"

"ఇటివ్వు."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత కోటు జేబులోంచి ఫోన్ తీసి, స్పర్శ లేని ఆ వేళ్ళతో రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కి నా చేతిలో పెట్టింది. చల్లగా ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. మోగుతోంది. స్తంభానికి ఆనుకున్నాను. దీని కింద రాయి తగిలింది, రెండు రోజులు తవ్వాం.

ఆరోసారి మోగాక ఎవరో ఎత్తారు.

"చెప్పండి," అంది అవతల ఒక ఆడగొంతు.

"వేరిత్స మావయ్యని. తప్పు నాదండీ," అన్నాను.